మొదలైన పనిని మధ్యలో ఆపడం: పిల్లవాడి నివేదికలోని ‘ఆపుదల సమయం’ మనకు ఏం చెబుతుంది?

ప్రశ్న: దేవరకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. మా కబడ్డీ జట్టులో ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి ఉన్నాడు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడనీ, వరుసలో నిలబడలేడనీ తరగతి ఉపాధ్యాయులు తరచూ చెబుతుండడంతో తల్లిదండ్రులు అతణ్ణి హైదరాబాదులోని ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెరపై బాణం కనిపించగానే మీట నొక్కమనీ, బీప్ శబ్దం వినిపిస్తే నొక్కవద్దనీ చెప్పి ఒక పరీక్ష పెట్టారట. నివేదికలో ‘ఆపుదల సమయం 342 మిల్లీసెకన్లు, చేతలను అదుపు చేసుకునే శక్తి తక్కువ’ అని రాసి ఇచ్చారు. తండ్రి ఆ కాగితం తెచ్చి నాకు చూపించి, వీణ్ణి ఆటలు మాన్పించాలా సార్ అని అడిగారు.

నాకు తెలిసిన అబ్బాయికీ ఆ కాగితానికీ పొంతన కుదరడం లేదు. కూతకు వెళ్లినప్పుడు బోనస్ గీత వైపు కాలు చాపి, మూలనున్న ఆటగాడు చీలమండ పట్టుకోవడానికి వంగడం చూసి, ఆ కాలును సగంలోనే వెనక్కి లాక్కోవడం మా జట్టులో ఇతనికి వచ్చినంత బాగా మరెవరికీ రాదు. నా సందేహాలు రెండు. పిల్లవాడు మీట నొక్కకుండా ఆగిపోతే అక్కడ ఏమీ జరగనట్టే కదా, మరి జరగనిదానికి పట్టిన సమయాన్ని ఎలా కొలిచారు? కొలిచారే అనుకుందాం, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి?

జవాబు 1: పాలమూరు పరిశోధకురాలు

సార్, ఈ పరిశోధన అంతా మీ మొదటి సందేహం చుట్టూనే అల్లుకుంది. చేసిన పనికి పట్టిన సమయాన్ని గడియారం చూపిస్తుంది. విజయవంతంగా ఆపిన పని మాత్రం గడియారానికి ఏ ఆనవాలూ వదలదు. అందువల్ల ఆపుదల సమయాన్ని ఇంతవరకు ఎవరూ నేరుగా చూడలేదు. దానిని ఇతర కొలతల నుంచి లెక్కకట్టి రాబడతారు. నివేదికలు రాసేవారు ఈ ఒక్క సంగతిని మొదటి వాక్యంలోనే చెబితే తల్లిదండ్రులకు సగం ఆందోళన తగ్గుతుందని నా అభిప్రాయం.

పరీక్ష ఇలా సాగుతుంది. తెరపై ఎడమకో కుడికో చూపే బాణం వస్తుంది, దానికి తగిన మీటను వీలైనంత త్వరగా నొక్కాలి. సాధారణంగా నాలుగింట మూడు వంతుల సార్లు అంతే. మిగిలిన నాలుగో వంతులో, బాణం కనిపించిన కొద్దిసేపటికి బీప్ వినిపిస్తుంది, అప్పుడు నొక్కబోతున్న వేలిని ఆపుకోవాలి. బాణానికీ బీప్‌కూ మధ్య ఎడం తక్కువైతే ఆగడం తేలిక, ఎడం పెరిగేకొద్దీ కష్టం. వేలు మీటను తాకబోయే క్షణంలో బీప్ వస్తే ఎంతటివారైనా ఆగలేరు.

శబ్దమో మరో సంకేతమో ఆలస్యంగా ఇచ్చి చేతిని ఆపించే ప్రయోగాలను 1966లోనే లాపిన్, ఎరిక్సన్ చేశారు. అయితే దీనికి గట్టి లెక్కను ఇచ్చినది 1984లో గోర్డన్ లోగన్, విలియం కోవన్ ‘సైకలాజికల్ రివ్యూ’లో ప్రకటించిన సిద్ధాంతం. వారు దీనిని గుర్రపు పందెంగా ఊహించారు. బాణం కనిపించగానే ‘నొక్కు’ అనే గుర్రం పరుగు మొదలుపెడుతుంది. బీప్ వినగానే ‘ఆపు’ అనే గుర్రం ఆలస్యంగా బయలుదేరుతుంది. ఏది ముందు గీత దాటితే దానిదే గెలుపు. రెండూ ఒకదానినొకటి తోసుకోకుండా ఎవరి దారిన అవి పరుగెత్తుతాయన్నది వారి ముఖ్యమైన ఊహ, లెక్క మొత్తం ఆ ఊహ మీదే నిలబడి ఉంది.

లెక్కను ఒక ఉదాహరణతో చూడండి. బీప్ లేని వంద సందర్భాలలో ఒకరు మీట నొక్కిన సమయాలను వేగం ప్రకారం వరుసగా పేర్చాం అనుకుందాం. బాణం వచ్చిన 250 మిల్లీసెకన్లకు బీప్ వినిపించినప్పుడు ఆ వ్యక్తి నూటికి 40 సార్లు ఆగలేక నొక్కేశాడు. అంటే అతని స్పందనలలో అత్యంత వేగమైన 40 శాతం, ‘ఆపు’ గుర్రం గీత చేరేలోపే తప్పించుకున్నాయి. వరుసలో నలభయ్యో స్పందన 470 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే ‘ఆపు’ గుర్రం గీత చేరినది దాదాపు అప్పుడే. అది బయలుదేరినది 250 దగ్గర కాబట్టి దాని పరుగుకు పట్టినది 220 మిల్లీసెకన్లు. ఇదే ఆపుదల సమయం. ఆరోగ్యంగా ఉన్న యువకులలో ఇది ఎక్కువగా 200 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య వస్తుంది. చిన్న పిల్లలలో ఎక్కువగా ఉండి, వారు పెద్దవారయ్యేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి పదమూడేళ్ల పిల్లవాడి అంకెను పెద్దవారి అంకెతో పోల్చకూడదు.

ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది. పిల్లవాడు ఒకసారి ఆగగలిగితే తర్వాతి బీప్‌ను 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తారు. ఆగలేకపోతే 50 మిల్లీసెకన్లు ముందుకు తెస్తారు. ఇలా మెట్లు ఎక్కుతూ దిగుతూ పోతే, చివరికి ఎవరైనా దాదాపు సగం సార్లు ఆగి సగం సార్లు విఫలమయ్యే చోటు దొరుకుతుంది. చురుకైనవారూ నిదానస్తులూ ఒకే విధంగా సగం సార్లు ఓడిపోతారు కాబట్టి, ఎన్నిసార్లు తప్పారన్నది ఈ పరీక్షలో లోపంగా లెక్కకు రాదు. పిల్లవాడు సగం సార్లు ఆగలేకపోయాడని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

మీరు చెప్పిన కబడ్డీ కాలు విషయం గురించి కూడా ఒక మాట. వేలు కదలకముందే అంతా తేలిపోతుందని అనుకుంటాం కానీ, డి యాంగ్, కోల్స్, లోగన్, గ్రాటన్ 1990లో ప్రకటించిన పరిశోధనలో కండరాల విద్యుత్ చలనాన్ని నమోదు చేసినప్పుడు, ఆగిన సందర్భాలలో కొన్నింట కండరం పని మొదలుపెట్టి ఆ తర్వాత సడలినట్టు కనిపించింది. కాబట్టి మొదలైన కదలికను కూడా ఆపవచ్చు. అయితే మీ అబ్బాయి చేస్తున్నది ఇంతకన్నా చిక్కైన పని: కాలును ఆపడంతో సరిపోదు, దానిని వెనక్కి లాగి, తూకం తప్పకుండా, కూత విడవకుండా మధ్య గీత వైపు తిరగాలి. ఎదుటివాడి భుజం వంగే తీరును బట్టి ముందే పసిగట్టడం కూడా అందులో కలిసి ఉంటుంది. ప్రయోగశాల బీప్ అలా ముందస్తు సూచన ఏదీ ఇవ్వదు. అందుకే మైదానంలో నేర్పరి అయినవాడికి ఆ పరీక్షలో మంచి అంకె రావాలని గానీ, అక్కడ అంకె బాగా రాకపోతే మైదానంలో తడబడతాడని గానీ చెప్పలేం.

జవాబు 2: టైపు మాస్టారు, నల్లగొండ

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాలా కాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి, ఈ చర్చ ఆసక్తిగా చదివాను. ఒక్క మీటను ఒక్కసారి నొక్కడం వేరు, ఆగకుండా సాగే పని వేరు కదా అమ్మా? హయ్యర్ గ్రేడ్ పరీక్షకు సిద్ధమైన విద్యార్థి చేతులు మాటలను విడి అక్షరాలుగా కొట్టవు. ఒక్కో మాట ఒకే ఊపులో పడిపోతుంది. సమయం అయిపోయిందని చెప్పగానే అతను అక్షరం దగ్గర ఆగుతాడా, మాట పూర్తి చేసి ఆగుతాడా అన్నది శాస్త్రవేత్తలు ఎప్పుడైనా పరిశీలించారా? అలవాటు పడిన చేయి మాటను పూర్తి చేసే తీరుతుందని నేను అనుకునేవాణ్ణి.

జవాబు 3: పాలమూరు పరిశోధకురాలు

మాస్టారు గారూ, అచ్చంగా మీ ప్రశ్ననే లోగన్ 1982లో టైపిస్టుల మీద పరీక్షించారు. ఆగమనే సంకేతం వచ్చాక వారు సాధారణంగా ఒకటి రెండు అక్షరాలలోపే ఆగిపోయారు, మాట చివరి వరకు వెళ్లలేదు. మాట అంతా ఒకే ఊపులో వస్తున్నట్టు కనిపించినా, దానిని మధ్యలో తెంచే వీలు చేతికి ఉందన్నమాట. దీనికి మినహాయింపుగా కనిపించినది టి, హెచ్, ఇ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట. దానిని మాత్రం ఎక్కువగా పూర్తి చేసేశారు. అది ఇంగ్లీషులో అడుగడుగునా వచ్చే మాట కాబట్టి, అంతగా వాడుకలో ఉన్నదానిని చేయి ఒకే ముక్కగా కొట్టేస్తుందని భావించవచ్చు. అటువంటి ప్రయోగం తెలుగు టైపింగ్‌లో, ఒత్తులూ గుణింతాలూ వచ్చే చోట చేస్తే ఆసక్తికరంగా ఉంటుంది. ఒత్తు కొట్టాల్సిన చోట ఆగమంటే ఏమవుతుందో మీలాంటివారు చెబితేనే మాకు తెలుస్తుంది.

జవాబు 4: జడ్చర్ల వాసి

నేను జాతీయ రహదారి మీద రోజూ బండి నడుపుతాను. ఎదురుగా గొర్రెల మంద వస్తే బ్రేకు వేయడం కూడా ఇదే శక్తి అనుకోవచ్చా? అలాగైతే లైసెన్సు ఇచ్చేముందు ఈ పరీక్ష పెడితే బాగుంటుంది కదా.

జవాబు 5: వనపర్తి కౌన్సెలర్

జడ్చర్ల మిత్రమా, బ్రేకు వేయడంలో ఎక్కువ భాగం కొత్త పనిని మొదలుపెట్టడమే. కాలును ఒక పెడల్ మీద నుంచి ఎత్తి మరో పెడల్ మీద వేయాలి. పక్క బండిని దాటుదామని స్టీరింగ్ తిప్పబోతూ, ఎదురుగా లారీ కనిపించి ఆ తిప్పడాన్ని మానుకోవడం మీరడిగే శక్తికి దగ్గరగా వస్తుంది. అలాగే నొక్కకుండా ముందే ఊరుకోవడం, నొక్కబోయి ఆపుకోవడం కూడా రెండు వేర్వేరు సంగతులు. ఒక సంకేతానికి మాత్రమే స్పందించి, మరొకదానికి ఊరుకునే పరీక్షను డచ్ శాస్త్రవేత్త డాండర్స్ 1868 నాటికే వాడాడు. అందులో పని ఇంకా మొదలే కాదు. పేర్లు కలిపేసి రెండింటి అంకెలనూ ఒకే గాటన కట్టే నివేదికలు కొన్ని నా చేతికి వచ్చాయి.

ఇక ఉపాధ్యాయుల వారి రెండో సందేహానికి వస్తాను. ఏకాగ్రత లోపమూ అతి చురుకుదనమూ ఉన్న పిల్లలను ఒక గుంపుగా తీసుకుంటే, వారి సగటు ఆపుదల సమయం ఇతర పిల్లల సగటు కన్నా ఎక్కువగా ఉంటుందని 1990ల నుంచి అనేక అధ్యయనాలు చూపించాయి. షాకర్, లోగన్, టానక్ వంటివారు ఈ దారి వేశారు. కానీ గుంపు సగటులో తేడా ఉన్నంత మాత్రాన ఒక్క పిల్లవాడి అంకెను చూసి అతను ఏ గుంపువాడో తేల్చలేం, ఎందుకంటే రెండు గుంపుల అంకెలూ చాలా దూరం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అంకె పెరగడానికి కారణం కూడా ఒక్కటే కాదు. ‘ఆపు’ గుర్రం నెమ్మదిగా పరుగెత్తవచ్చు, లేదా పిల్లవాడి ధ్యాస మరెక్కడో ఉండి బీప్ పడినప్పుడు అది అసలు బయలుదేరకపోవచ్చు. మాట్స్‌కే, హీత్‌కోట్ వంటి పరిశోధకులు ఇటీవలి సంవత్సరాలలో ఈ రెండింటినీ విడదీసే లెక్కలను రూపొందించారు. పాత లెక్కలో రెండూ కలిసి ఒకే పెద్ద అంకెగా కనిపిస్తాయి, అందుకని ధ్యాస తప్పిన పిల్లవాడికీ అదుపు లేని పిల్లవాడికీ ఒకే ముద్ర పడే ప్రమాదం ఉంది.

మెదడు వైపు నుంచి వచ్చిన ఆధారాలు కూడా ఇటువంటి చర్చకే దారితీశాయి. నుదుటి వెనుక కుడివైపు కింది భాగం దెబ్బతిన్న రోగులలో ఆపుదల సమయం పెరుగుతుందని ఆరన్ బృందం 2003లో చూపింది. ఆ భాగం చేసేది ఆపడమా, ఊహించని సంకేతాన్ని పసిగట్టడమా అన్న వాదన ఆ తర్వాత సాగింది.

పెద్ద ఎత్తున చేసిన అధ్యయనాలు కూడా చిక్కుల్లో పడ్డాయి. అమెరికాలో దాదాపు 12 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరిస్తున్న ఏబీసీడీ అధ్యయనంలో ఈ పరీక్షను పెట్టారు. అందులో ఆగమనే సంకేతం వచ్చినప్పుడు బాణం తెరపై నుంచి మాయమై, ఆ స్థానంలో సంకేతం కనిపిస్తుంది. అంటే సంకేతం త్వరగా వస్తే పిల్లవాడు బాణాన్ని సరిగా చూడనే చూడడు, ‘నొక్కు’ గుర్రం పూర్తి బలంతో బయలుదేరదు. బిసెట్, పోల్డ్‌రాక్ మొదలైనవారు 2021లో ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అంతటి అధ్యయనంలోనే ఇటువంటి లోపం జరగగలిగినప్పుడు, ఊరూపేరూ తెలియని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను ప్రశ్నించడంలో మొహమాటం అక్కర్లేదు.

2019లో వెర్‌బ్రుగెన్‌తో పాటు ఈ రంగంలోని అనేకమంది కలిసి ‘ఈలైఫ్’ పత్రికలో ఒక ఉమ్మడి మార్గదర్శకం ప్రకటించారు. అందులోని సూచనలతో పోల్చి చూడడానికి, నివేదికలోని మిగతా అంకెలను ఇక్కడ పెట్టగలరా: బీప్ వచ్చిన సందర్భాలు ఎన్ని, వాటిలో ఎన్నిసార్లు ఆగాడు, బీప్ లేనప్పుడు సగటున ఎంతలో నొక్కాడు, బాణానికీ బీప్‌కూ సగటు ఎడం ఎంత? పిల్లవాడి పేరు గానీ ఊరు గానీ రాయకండి.

జవాబు 6: దేవరకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు

తండ్రి అనుమతితో నివేదిక రెండో పేజీలోని అంకెలు ఇస్తున్నాను. బీప్ వచ్చినవి 24. ఆగినవి 17, ఆగలేనివి 7. బీప్ లేనప్పుడు సగటు స్పందన 780 మిల్లీసెకన్లు. సగటు ఎడం 438 మిల్లీసెకన్లు. పరీక్ష ఎలా సాగిందని అబ్బాయిని అడిగితే, మొదట త్వరత్వరగా నొక్కాననీ, రెండు మూడుసార్లు తప్పేసరికి బీప్ వస్తుందేమోనని చూసి నొక్కడం మొదలుపెట్టాననీ చెప్పాడు.

జవాబు 7: పాలమూరు పరిశోధకురాలు

సార్, అబ్బాయి చెప్పిన మాటే ఈ అంకెలకు తాళంచెవి. బాణం వచ్చాక వెంటనే నొక్కకుండా బీప్ కోసం కాచుకోవడం ఈ పరీక్షలో అందరికీ తెలిసిన ఇబ్బంది. ఎడమో కుడో తేల్చి మీట నొక్కడానికి 780 మిల్లీసెకన్ల సగటు చాలా ఎక్కువ. అలా కాచుకోవద్దనీ, కొన్నిసార్లు ఆగలేకపోవడం సహజమనీ ముందే చెప్పాలి, మధ్యమధ్య విరామంలో గుర్తు చేయాలి. చెప్పారో లేదో మనకు తెలియదు.

మెట్ల లెక్క చూడండి. ఆగిన ప్రతిసారీ 50 చొప్పున 17 మెట్లు ఎక్కారు, ఆగలేని ప్రతిసారీ ఒకటి చొప్పున 7 దిగారు. మొదలైన చోటు నుంచి పది మెట్లు, అంటే 500 మిల్లీసెకన్లు పైకి వెళ్లాక పరీక్ష అయిపోయింది. పిల్లవాడు నెమ్మదించేకొద్దీ మెట్లు అతణ్ణి వెంబడిస్తూనే ఉన్నాయి తప్ప, సగం సగం దగ్గర స్థిరపడనే లేదు. మార్గదర్శకం బీప్ సందర్భాలు కనీసం 50 ఉండాలంటుంది, ఇక్కడ అందులో సగం కూడా లేవు.

ఇక 342 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 780 నుంచి 438 తీసివేస్తే సరిగ్గా అదే వస్తుంది. సగటులో నుంచి సగటును తీసివేసే ఈ పాత పద్ధతి, పిల్లవాడు సగం సార్లు ఆగి సగం సార్లు ఆగలేకపోయినప్పుడే ఏదో ఒక మేరకు పనిచేస్తుంది. ఇతను నూటికి 71 సార్లు ఆగాడు. నా మొదటి జవాబులోని లెక్క ప్రకారం, తప్పించుకున్నవి వేగమైన 29 శాతం స్పందనలు మాత్రమే. కాబట్టి ‘ఆపు’ గుర్రం గీత చేరిన చోటు సగటు దగ్గర కాక, వరుసలో ఇరవై తొమ్మిదో శాతం దగ్గర ఉండాలి. అది 780 కన్నా తప్పకుండా ముందే వస్తుంది. అందులో నుంచి 438 తీసివేస్తే 342 కన్నా చిన్న అంకె వస్తుంది. ఎంత చిన్నదో విడివిడి స్పందనల పట్టిక లేకుండా చెప్పలేం. పిల్లవాడు పరీక్ష పొడవునా నెమ్మదిస్తూ పోయాడు కాబట్టి, పట్టిక దొరికినా ఆ కొత్త అంకె ఈసారి ఉండవలసినదానికన్నా తక్కువ వైపుకు జారి ఉండవచ్చు. అందుకని దీనిని సవరించి వాడుకునే బదులు పూర్తిగా పక్కన పెట్టడమే మేలు.

జవాబు 8: వనపర్తి కౌన్సెలర్

నేనూ అదే అంటాను. ఆ కేంద్రం వారిని స్పందనల పట్టిక అడగండి. దానితోపాటు, ఆగలేక నొక్కిన సందర్భాల సగటు సమయం బీప్ లేనప్పటి సగటు కన్నా తక్కువగా ఉందా అని కూడా అడగండి. పందెం సిద్ధాంతం ప్రకారం తక్కువగానే ఉండాలి. ఎక్కువగా ఉంటే ఆపుదల సమయాన్ని లెక్కకట్టనే కూడదని మార్గదర్శకం స్పష్టంగా చెబుతుంది.

తరగతిలో ఉపాధ్యాయులు చెప్పిన ఇబ్బందిని మాత్రం ఈ అంకెతో పాటు పక్కన పెట్టేయకండి, అది విడిగా చూడవలసిన విషయం. ఏకాగ్రత లోపాన్ని నిర్ధారించడానికి వైద్యులు వాడే ప్రమాణాల ప్రకారం, లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల ఉండాలి, చదువుకో స్నేహాలకో అడ్డుపడుతూ ఉండాలి. దానికి తల్లిదండ్రులతోనూ ఉపాధ్యాయులతోనూ నిదానంగా మాట్లాడవలసిందే, కంప్యూటర్ పరీక్ష ఏదీ ఆ పని చేయలేదు. మైదానంలో మీరు చూసినది కూడా అక్కడ పనికొచ్చే సమాచారమే. ఒక కాగితం మీద రాసి తండ్రికి ఇవ్వండి, పిల్లల మానసిక వైద్యులను కలిసేటప్పుడు వెంట తీసుకెళ్తారు. ఆట మాన్పించడానికి ఈ నివేదికలో ఏ ఆధారమూ లేదు.

జవాబు 9: దేవరకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు

పట్టిక కోసం తండ్రి చేత ఈరోజే ఉత్తరం రాయించాను. వచ్చాక అంకెలు ఇక్కడే పెడతాను. అబ్బాయి రేపటి సాధనకు వస్తున్నాడు.